బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఏ డేటాబేస్? ముందు కౌంటర్లు లెక్కపెట్టండి

చిన్న వ్యాపారానికి డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను, ఏ డేటాబేస్ వాడమంటారు అని నలుగురిని అడిగి చూడండి. అమీర్‌పేటలో డాట్‌నెట్ కోర్సు చేసినతను ఎస్‌క్యూఎల్ సర్వర్ అంటాడు. వెబ్‌సైట్లు చేసే కుర్రాడు మైఎస్‌క్యూఎల్ అంటాడు. మొబైల్ యాప్‌ల వైపు నుంచి వచ్చినావిడ ఎస్‌క్యూలైట్ చాలదా అంటుంది. ఎన్నో ఏళ్లుగా షాపులకు సాఫ్ట్‌వేర్ అమ్ముతున్న పెద్దాయన మాత్రం ఫాక్స్‌ప్రో రోజులే వేరని నిట్టూరుస్తాడు. ఎవరికి ఏది వచ్చో వాళ్లు అదే చెబుతారు. ఆ షాపులో ఎన్ని కంప్యూటర్లు ఒకేసారి బిల్లు కొడతాయి, మీరు అక్కడ లేనప్పుడు ఆ కంప్యూటర్‌ను చూసుకునేదెవరు అని ఎదురు ప్రశ్న వేసేవాళ్లు తక్కువ.

నా లెక్కలో డేటాబేస్‌ను తేల్చేవి ఈ రెండు ప్రశ్నలే. వేగం, సైజు, ఫీచర్ల జాబితా ఆ తర్వాతి సంగతులు.

మాట గాల్లో తేలకుండా ఒక షాపును ఊహించుకుందాం. మండల కేంద్రంలో హార్డ్‌వేర్, పెయింట్ల దుకాణం. బాగా నడిచే షాపే, రోజుకు 300 బిల్లులు, బిల్లుకు సగటున ఐదు ఐటమ్‌లు. అంటే రోజుకు 1,500 లైన్లు. ఏడాదిలో 310 రోజులు తెరిచి ఉంటే 4,65,000 లైన్లు. ఇండెక్సులతో (త్వరగా వెతకడానికి డేటాబేస్ ఉంచుకునే సూచికలు) కలిపి లైనుకు 200 బైట్లు వేసుకున్నా 93 ఎంబీ. బిల్లు హెడర్లు, స్టాకు, పార్టీల ఖాతాలు అన్నీ కలిపితే ఏడాదికి ఓ 120 ఎంబీ, పదేళ్లకు 1.2 జీబీ. మీ ఫోన్‌లో వాట్సాప్ వీడియోలు అంతకంటే ఎక్కువే ఉంటాయి. ఈ లెక్క తప్పేది ఒక్కచోటే, ఐటమ్ ఫొటోలు, స్కాన్ చేసిన కొనుగోలు బిల్లులు డేటాబేస్‌లోకి తోసినప్పుడు. వాటిని ఒక ఫోల్డర్‌లో ఉంచి, టేబుల్‌లో ఫైలు పేరు మాత్రం రాసుకుంటే సరిపోతుంది. ‘రేపు వ్యాపారం పెరిగితే ఇది తట్టుకుంటుందా’ అనే టెన్షన్‌ను ఇక్కడితో వదిలేయవచ్చు. వ్యాపారం పెరిగితే మొదట పెరిగేవి కౌంటర్లు.

ఫైలు జాతి, సర్వర్ జాతి

డేటాబేస్‌లు పేరుకు ఎన్ని ఉన్నా లోపల రెండు జాతులు. మొదటి జాతిలో డేటా అంతా ఒక ఫైలు. మీ ప్రోగ్రామే ఆ ఫైలును తెరిచి చదువుతుంది, రాస్తుంది. ఎస్‌క్యూలైట్, యాక్సెస్, పాత ఫాక్స్‌ప్రో ఈ జాతివి. రెండో జాతిలో డేటా ఫైళ్లను ముట్టుకునే హక్కు ఒక్క సర్వర్ ప్రోగ్రామ్‌కే ఉంటుంది. మీ ప్రోగ్రామ్ దానికి ‘ఈ బిల్లు రాయి’, ‘ఈ పార్టీ బాకీ ఎంత’ అని సందేశం పంపుతుంది, అది జవాబిస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్, పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ ఇలాంటివి. ఫైర్‌బర్డ్ రెండు వేషాలూ వేయగలదు.

ఒకే కంప్యూటర్ ఉన్నంతకాలం ఈ తేడా పెద్దగా పట్టదు. గోడౌన్‌లో రెండో కంప్యూటర్ పెట్టిన రోజు పట్టుకుంటుంది. అప్పుడు చాలామంది చేసే పని, డేటాబేస్ ఫైలున్న ఫోల్డర్‌ను విండోస్‌లో షేర్ చేసి, రెండో కంప్యూటర్ నుంచి అదే ఫైలును తెరవడం. చేసిన రోజు చక్కగా పనిచేస్తుంది. వారం రోజులూ పనిచేస్తుంది. అందుకే ఇది ప్రమాదం.

లోపల జరిగేది ఇది. ఫైలు జాతి డేటాబేస్ డేటాను చిన్న చిన్న పేజీలుగా విడగొట్టి పెట్టుకుంటుంది. ఒక బిల్లు సేవ్ చేస్తే మారేది ఒక పేజీ కాదు. బిల్లు టేబుల్ పేజీ, దాని ఇండెక్సు పేజీ, స్టాకు పేజీ, ఖాతా పేజీ అన్నీ మారతాయి. ఇవన్నీ గోడౌన్ కంప్యూటర్ నుంచి వైఫై మీదుగా కౌంటర్ కంప్యూటర్ డిస్కులోకి రావాలి. మధ్యలో వైఫై ఒక్క క్షణం పోతే సగం పేజీలు కొత్తవి, సగం పాతవి. పైగా ఇద్దరు ఒకేసారి రాయకుండా ఆపే తాళం కూడా నెట్‌వర్క్ ఫైల్ షేరింగ్ మీదే ఆధారపడి ఉంటుంది. వేగం కోసం విండోస్ కొన్ని పేజీలను తన దగ్గరే దాచుకుంటుంది కాబట్టి ఒక కంప్యూటర్ చూస్తున్నది పాత పేజీ కావచ్చు. నలుగురు గుమస్తాలు ఒకే ఖాతా పుస్తకాన్ని తలో వైపు లాగి రాసినట్టు ఉంటుంది వ్యవహారం. సర్వర్ జాతిలో పుస్తకం ఒక్క గుమస్తా దగ్గరే ఉంటుంది. వైఫై తెగితే సగంలో ఆగిన బిల్లును సర్వర్ రద్దు చేస్తుంది, ఫైలుకు ఏమీ కాదు.

ఫాక్స్‌ప్రో, యాక్సెస్ కాలంలో షాపులు ఈ నొప్పిని ఏళ్ల తరబడి భరించాయి. ‘ఇండెక్స్ పోయింది, రీఇండెక్స్ కొట్టండి’, ‘కాంపాక్ట్ అండ్ రిపేర్ చేయండి’ అనేవి అప్పటి సపోర్ట్ ఫోన్లలో రోజువారీ మాటలు. ఎస్‌క్యూలైట్ తయారుచేసినవాళ్లయితే తమ పత్రాల్లోనే హెచ్చరిక రాసిపెట్టారు. నెట్‌వర్క్ మీది ఫైలును చాలామంది ఒకేసారి తెరిచే అవసరం ఉంటే క్లయింట్-సర్వర్ డేటాబేస్ చూసుకోండి అని.

ఒక్క కంప్యూటరే అయితే

అప్పుడు ఎస్‌క్యూలైట్. ఇందులో నాకు పెద్ద సందేహం లేదు.

దీన్ని రిచర్డ్ హిప్ 2000లో మొదలుపెట్టారు. అమెరికా నౌకాదళపు యుద్ధనౌక కోసం రాస్తున్న సాఫ్ట్‌వేర్‌లో, సర్వర్ ఆగిపోతే ప్రోగ్రామ్ కూడా ఆగిపోతోందన్న చికాకులోంచి సర్వరే లేని డేటాబేస్ పుట్టింది. ఇప్పుడు అది ప్రతి ఆండ్రాయిడ్ ఫోన్‌లో, ఐఫోన్‌లో, ప్రధాన బ్రౌజర్లలో ఉంది. పబ్లిక్ డొమైన్‌లో ఉంది కాబట్టి లైసెన్సు గొడవ అసలే లేదు. 2050 దాకా చూసుకుంటామని తయారీదారులు మాటిచ్చారు. షాపు యజమానికి మీరు ఇచ్చే సాఫ్ట్‌వేర్ ఆయుష్షు కంటే అది ఎక్కువే.

షాపు వైపు నుంచి చూస్తే దీని అసలు గొప్పతనం వేరు. వైరస్ వచ్చిందనో, స్లో అయిందనో ఎవరో ఒక మెకానిక్‌ను పిలిచి కంప్యూటర్ ఫార్మాట్ కొట్టిస్తారు. అతను డెస్క్‌టాప్ మీద ఉన్నవి, డాక్యుమెంట్స్ ఫోల్డరు కాపీ చేసి, డీ డ్రైవ్‌ను ముట్టుకోకుండా సీ డ్రైవ్ తుడిచేస్తాడు. ఎస్‌క్యూఎల్ సర్వర్ తన డేటాను మామూలుగా పెట్టుకునేది సీ డ్రైవ్‌లో ప్రోగ్రామ్ ఫైల్స్ కింద, నాలుగు ఫోల్డర్ల లోతున. అది అక్కడుందని మెకానిక్‌కు తెలియదు, యజమానికి తెలియదు. ఎస్‌క్యూలైట్ ఫైలును మీరు డీ డ్రైవ్‌లో షాపు పేరుతో ఒక ఫోల్డర్ చేసి పెడితే అది బతుకుతుంది. ఏ డేటాబేస్ వాడినా ఈ ఒక్క జాగ్రత్త తీసుకోవచ్చు, కానీ ఫైలు జాతిలో ఇది సహజంగా కుదురుతుంది. ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ అయిన ఫోల్డర్‌లోనే డేటా పెట్టడం మాత్రం వద్దు. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాయడానికి విండోస్ మామూలు యూజర్‌కు అనుమతి ఇవ్వదు. డెస్క్‌టాప్ మీద పెడితే వన్‌డ్రైవ్ దాన్ని నడుస్తుండగానే పైకి లాక్కెళ్లడానికి చూస్తుంది.

దీనికి కొన్ని వింత అలవాట్లున్నాయి, తెలిసి వాడాలి. ఫారిన్ కీలు (ఒక టేబుల్ రికార్డును మరో టేబుల్‌తో ముడివేసే నియమాలు) రాసినా అవి మామూలుగా పనిచేయవు, ప్రతి కనెక్షన్‌లోనూ విడిగా ఆన్ చేయాలి. చేయకపోతే పార్టీని డిలీట్ చేసినా ఆ పార్టీ బిల్లులు అనాథలుగా మిగిలిపోతాయి. టైపుల విషయంలో మరీ ఉదారం. అంకెల కాలమ్‌లో అక్షరాలు రాసినా తీసుకుంటుంది. ఇంకా విచిత్రం, కాలమ్ టైపు ‘స్ట్రింగ్’ అని రాస్తే అది దాన్ని అంకెల కాలమ్ కిందే లెక్కగడుతుంది. మీ సాఫ్ట్‌వేర్‌ను కిరాణా కొట్టుకు అమ్మినప్పుడు ఉల్లిపాయల హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (జీఎస్టీలో సరుకును గుర్తించే నంబరు) 0703 కాస్తా 703 అయి కూర్చుంటుంది. ‘టెక్స్ట్’ అని రాయాలి. 2021లో వచ్చిన 3.37 వెర్షన్ నుంచి ‘స్ట్రిక్ట్’ టేబుళ్లు ఉన్నాయి, కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అవే వాడితే ఈ తలనొప్పి సగం తగ్గుతుంది.

వేగం మీద ఒక ఫిర్యాదు తరచూ వింటాం. ఐదు వేల ఐటమ్‌ల లిస్టు ఎక్కిస్తుంటే నిమిషం దాటింది, ఎస్‌క్యూలైట్ స్లో అని. మామూలు హార్డ్ డిస్కు మీద ప్రతి ఐటమ్‌ను విడి ట్రాన్సాక్షన్‌గా (అంతా జరగాలి, లేదా ఏదీ జరగకూడదనే పనుల కట్ట) రాస్తే, ప్రతిసారీ డిస్కులో నిజంగా రాసిందని నిర్ధారించుకునేదాకా ఆగుతుంది. సెకనుకు అరవై దాటవు. అన్నిటినీ ఒకే ట్రాన్సాక్షన్‌లో చుడితే సెకను కూడా పట్టదు. ఇది తెలియక కొందరు ఆ నిర్ధారణనే ఆపేసే సెట్టింగ్ పెడతారు. వేగం వస్తుంది, నిజమే. కరెంటు పోయిన రోజు ఫైలు కూడా పోవచ్చు.

మార్పులను ముందు పక్క ఫైలులో రాసే వాల్ (రైట్-అహెడ్ లాగ్) అనే మోడ్ ఉంది, 2010 నుంచి. అందులో రిపోర్టు చదువుతున్నవాళ్లను రాసేవాళ్లు ఆపరు, రాసేవాళ్లను చదివేవాళ్లు ఆపరు. రాసేది మాత్రం ఎప్పుడూ ఒక్కరే. ఒకే కంప్యూటర్‌లో బిల్లు కొడుతూ పక్క విండోలో నెల రిపోర్టు చూసే షాపుకు ఇది హాయి. దీనితో వచ్చే చిక్కు బ్యాకప్ దగ్గర. తాజా మార్పులు కొంతసేపు పక్కనే ఉండే రెండో ఫైలులో ఉంటాయి. షాపతను ప్రోగ్రామ్ నడుస్తుండగా ప్రధాన ఫైలు ఒక్కటే పెన్‌డ్రైవ్‌లోకి లాగితే ఆ రోజు సాయంత్రం బిల్లులు అందులో ఉండకపోవచ్చు. కాబట్టి బ్యాకప్ పని యజమాని చేతికి వదలకండి. ఎస్‌క్యూలైట్‌లోనే బ్యాకప్ సదుపాయం ఉంది, ‘వాక్యూమ్ ఇన్‌టూ’ అనే కమాండ్ ఉంది. ప్రోగ్రామ్ మూసేటప్పుడు మీరే ఆ కమాండ్‌తో తేదీ పేరు పెట్టి కాపీ తీయండి.

రెండో కౌంటర్ వస్తే

ఇక్కడ నిజమైన పోటీ నలుగురి మధ్య.

ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్‌కు మన దగ్గర పలుకుబడి ఎక్కువ, ఎందుకంటే డాట్‌నెట్ నేర్చుకున్న ప్రతివాళ్లకూ వచ్చు. ఉచితం. ఒక డేటాబేస్‌కు 10 జీబీ పరిమితి, 2025 వెర్షన్‌లో దాన్ని 50 జీబీ చేశారు. మన హార్డ్‌వేర్ షాపుకు పాత పరిమితే ఎనభై ఏళ్లకు సరిపోతుంది. ఇంజిన్ గట్టిది, టూల్స్ బాగుంటాయి, ఏ సమస్యకైనా వెతికితే జవాబు దొరుకుతుంది. దీనితో కష్టమంతా షాపులో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు, ఆ తర్వాత చూసుకునేటప్పుడు. పెట్టగానే బయటి కంప్యూటర్లతో మాట్లాడదు, టీసీపీ అనే నెట్‌వర్క్ మార్గాన్ని చేత్తో ఆన్ చేయాలి, ఫైర్‌వాల్‌లో దారి ఇవ్వాలి. రౌటర్ రీస్టార్ట్ అయి కంప్యూటర్ ఐపీ అడ్రస్ మారితే, ఐపీతో కలిపిన గోడౌన్ కంప్యూటర్‌కు సర్వర్ కనిపించదు. విండోస్ 11 పెట్టిన కొన్ని కొత్త ఎస్‌ఎస్‌డీల మీద అసలు స్టార్ట్ కాదు. డిస్కు తన సెక్టార్ సైజు 4 కేబీ కంటే ఎక్కువని చెప్పడమే కారణం, రిజిస్ట్రీలో ఒక విలువ మారిస్తే సరవుతుంది. ఇది తెలియకపోతే మాత్రం ఒక రోజు పోతుంది. ఉచిత వెర్షన్‌లో షెడ్యూల్ చేసి బ్యాకప్ తీసే ఏజెంట్ ఉండదు, విండోస్ టాస్క్ షెడ్యూలర్‌తో మీరే కట్టుకోవాలి. ఇంకొకటి, కొత్త వెర్షన్‌లో తీసిన బ్యాకప్ పాత వెర్షన్‌లో ఎక్కదు. ఒక్కో షాపులో ఒక్కో వెర్షన్ పెట్టుకుంటూ పోతే ఇది కొంప ముంచుతుంది.

పోస్ట్‌గ్రెస్ నాకు ఇష్టమైన డేటాబేస్. డబ్బుకు కచ్చితమైన న్యూమరిక్ టైపు, సైజు పరిమితి లేదు, లైసెన్సు ఉదారం, మీ సాఫ్ట్‌వేర్‌తో కలిపి అమ్మినా ఎవరూ అడగరు. అయినా చిన్న షాపుకు చెప్పేటప్పుడు కాస్త తటపటాయిస్తాను. ఏడాదికొక పెద్ద వెర్షన్ వస్తుంది, ఒక్కోదానికి ఐదేళ్ల సపోర్ట్. పెద్ద వెర్షన్ మారేటప్పుడు డేటాను బయటికి తీసి మళ్లీ ఎక్కించాలి, లేదా అప్‌గ్రేడ్ టూల్ నడపాలి. మీ దగ్గర యాభై షాపులుంటే, దూరాన ఉన్న యాభై కంప్యూటర్లలో ఈ పని. ఆఫీసులో ఒక ఐటీ మనిషి ఉన్న వ్యాపారమైతే కళ్లు మూసుకుని పోస్ట్‌గ్రెస్ పెట్టేయండి.

మైఎస్‌క్యూఎల్ దగ్గర సాంకేతికం కంటే లైసెన్సు ముఖ్యం. వెబ్‌సైట్లలో వాడేటప్పుడు ఎవరికీ పట్టని జీపీఎల్ అనే ఓపెన్‌సోర్స్ లైసెన్సు షరతులు, సోర్స్ కోడ్ ఇవ్వకుండా మీ ప్రోగ్రామ్‌తో కలిపి అమ్మేటప్పుడు ముందుకు వస్తాయి. అలా అమ్మేవాళ్లకు మైఎస్‌క్యూఎల్ యజమాని ఒరాకిల్ వాణిజ్య లైసెన్సు అమ్ముతుంది. 2009లో దాన్నుంచి చీలిన మారియాడీబీ కనెక్టర్లు (ప్రోగ్రామ్‌ను డేటాబేస్‌తో కలిపే భాగాలు) ఎల్‌జీపీఎల్ అనే సడలించిన లైసెన్సు కింద ఉన్నాయి కాబట్టి అక్కడ చిక్కు తక్కువ. ఏమైనా లైసెన్సు చదివి దిగాలి.

నాలుగోది ఫైర్‌బర్డ్. కాలేజీల్లో దీని పేరు వినిపించదు. 2000లో బోర్లాండ్ కంపెనీ తన ఇంటర్‌బేస్ కోడ్‌ను బయటపెట్టినప్పుడు దాంట్లోంచి పుట్టింది. డెల్ఫీ అనే ప్రోగ్రామింగ్ టూల్‌తో సాఫ్ట్‌వేర్ రాసిన తరానికి బాగా తెలుసు. నా ఉద్దేశంలో మనం చెప్పుకుంటున్న షాపుకు కొలిచి కుట్టించిన చొక్కా ఇదే. డేటాబేస్ మొత్తం ఒకే ఫైలు. మొదట ఒక కంప్యూటర్ ఉన్నప్పుడు ఎంబెడెడ్‌గా, అంటే మీ ప్రోగ్రామ్ లోపలే, సర్వరే లేకుండా నడుస్తుంది. రెండో కౌంటర్ వచ్చిన రోజు చిన్న సర్వర్ ఇన్‌స్టాలర్ నడిపి, కనెక్షన్ స్ట్రింగ్ (డేటాబేస్ ఎక్కడుందో ప్రోగ్రామ్‌కు చెప్పే లైను) మార్చి, అదే ఫైలును సర్వర్ చేతిలో పెడతారు. క్వెరీలు (డేటాబేస్‌ను అడిగే ఎస్‌క్యూఎల్ వాక్యాలు) మార్చక్కర్లేదు, డేటా తరలించక్కర్లేదు. అలా సర్వర్ పెట్టాక మాత్రం ఆ ఫైలున్న ఫోల్డర్‌ను షేర్ చేయాల్సిన పనే లేదు, చేయవద్దు. లోపాలున్నాయి. తెలిసినవాళ్లు తక్కువ, వెతికితే దొరికే జవాబులు తక్కువ. ఒక స్క్రీన్ ట్రాన్సాక్షన్‌ను తెరిచి పెట్టి మనిషి భోజనానికి వెళితే పాత రికార్డుల చెత్త పోగుపడి వేగం తగ్గుతుంది. ట్రాన్సాక్షన్లను చిన్నవిగా ఉంచే క్రమశిక్షణ ఉండాలి.

ఈ నాలుగూ కాక ఐదో దారి ఒకటుంది. ఎస్‌క్యూలైట్‌నే ఉంచి, కౌంటర్ కంప్యూటర్‌లో మీరే ఒక చిన్న సర్వీస్ రాసి, గోడౌన్ కంప్యూటర్ దానితో మాట్లాడేలా చేయడం. ఫైలును ముట్టుకునేది ఆ సర్వీస్ ఒక్కటే కాబట్టి పాత ప్రమాదం ఉండదు. ప్రోగ్రామర్‌గా చేయి తిరిగినవాళ్లకు ఇది చక్కటి దారి, రేపు యజమాని ఫోన్‌లో అమ్మకాలు చూస్తానన్నా అదే సర్వీస్ పనికొస్తుంది. కొత్తవాళ్లకు మాత్రం సర్వర్ జాతి ఏళ్లుగా పరిష్కరించుకున్న సమస్యలను మళ్లీ మొదటి నుంచి ఎదుర్కోవడమే.

యాక్సెస్ సంగతి? 1992లో వచ్చింది, ఇప్పటికీ ఉంది. ఫారాలు, రిపోర్టులు వేగంగా చేసుకోవడానికి దాన్ని మించింది తక్కువే. కానీ ఫైలుకు 2 జీబీ పరిమితి, పైగా 32 బిట్, 64 బిట్ డ్రైవర్ల గొడవ. మీ ప్రోగ్రామ్ 64 బిట్, షాపులో ఉన్న ఆఫీస్ 32 బిట్ అయితే కనెక్షనే రాదు. కొత్త సాఫ్ట్‌వేర్‌ను దాని మీద మొదలుపెట్టకండి. విజువల్ ఫాక్స్‌ప్రోకు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2015 జనవరిలో ఆగిపోయింది, ఎస్‌క్యూఎల్ సర్వర్ కాంపాక్ట్‌కు 2021లో. పాత పుస్తకాల్లో, పాత వీడియోల్లో ఇంకా కనిపిస్తాయి కాబట్టి చెబుతున్నాను.

బిల్లు నంబరు దగ్గర

ఏ డేటాబేస్ ఎంచుకున్నా ఒక ఉచ్చు అందరికీ ఎదురవుతుంది. జీఎస్టీ నిబంధనల్లో 46వది బిల్లు నంబరు వరుసగా ఉండాలని, 16 అక్షరాలు దాటకూడదని, ఆర్థిక సంవత్సరంలో ఒకదాన్ని మళ్లీ వాడకూడదని చెబుతుంది. డేటాబేస్ తనంతట తాను పెంచే ఐడీ ఉంది కదా అని దాన్నే బిల్లు నంబరుగా వాడేస్తారు. ఆ ఐడీకి ఒకటే బాధ్యత, ఒకటి రెండోసారి రాకుండా చూడటం. వరుస తప్పకుండా చూస్తానని అది ఎవరికీ మాటివ్వలేదు. పోస్ట్‌గ్రెస్‌లో సేవ్ కాకుండా రద్దయిన బిల్లు కూడా ఒక నంబరు తినేస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2012 వెర్షన్ నుంచి, కరెంటు పోయి సర్వర్ ఉన్నపళంగా ఆగితే ఐడీ ఒక్కసారిగా వెయ్యి దాకా దూకవచ్చు. 412 తర్వాత 1,400 పైన బిల్లు చూసి ఆడిటర్ ఫోన్ చేస్తారు. అమ్మకాల రిటర్ను జీఎస్‌టీఆర్-1లో ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా బిల్లులిచ్చారు, ఎన్ని రద్దు చేశారు అని రాయాల్సిన పట్టిక ఉంది మరి.

అందుకే బిల్లు నంబర్లకు విడిగా ఒక టేబుల్ పెట్టండి. సంవత్సరం, సిరీస్, చివరి నంబరు. బిల్లు సేవ్ చేసే ట్రాన్సాక్షన్‌లోనే ఆ నంబరును ఒకటి పెంచి వాడండి. సేవ్ మధ్యలో విఫలమైతే పెంపు కూడా రద్దవుతుంది. రెండు కౌంటర్లు ఒకేసారి సేవ్ నొక్కితే రెండోది క్షణం ఆగుతుంది, అంతే. ఆ ఆగడం కూడా వద్దనుకుంటే కౌంటర్‌కొక సిరీస్ ఇవ్వండి, అది నిబంధనలు ఒప్పుకునేదే.

డబ్బు సంగతీ ఇలాంటిదే. దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే ఫ్లోట్ టైపులో రూపాయలు దాస్తే పైసలు కారిపోతాయి. 2.350 కిలోల మేకులు, రేటు, డిస్కౌంట్, 9 శాతం సీజీఎస్టీ, 9 శాతం ఎస్‌జీఎస్టీ అని వరుసగా గుణిస్తూ పోతే నెలాఖరుకు బిల్లుల మొత్తానికీ రిపోర్టుకూ తేడా వస్తుంది. సర్వర్ డేటాబేస్‌లలో కచ్చితంగా దాచే డెసిమల్ టైపు వాడండి. ఎస్‌క్యూలైట్‌లో నిజమైన డెసిమల్ లేదు, కాలమ్‌కు ఆ పేరు పెట్టినా లోపల ఫ్లోటే. పైసల్లో పూర్ణాంకంగా దాయడం అక్కడ సరైన పద్ధతి. పన్ను శాతాన్ని ఐటమ్ మాస్టర్‌లో మాత్రమే కాకుండా బిల్లు లైనులోనూ రాసిపెట్టండి. 2025 సెప్టెంబర్ 22న రేట్లు మారినప్పుడు, ఐటమ్ మాస్టర్ నుంచే రేటు తెచ్చుకునే సాఫ్ట్‌వేర్‌లో పాత బిల్లు మళ్లీ ప్రింట్ తీస్తే కొత్త పన్ను పడుతుంది.

తెలుగులో పేర్లు

బిల్లు మీద పార్టీ పేరు తెలుగులో కావాలనే షాపులు ఉన్నాయి. ఎస్‌క్యూలైట్, పోస్ట్‌గ్రెస్ అన్ని భాషల అక్షరాలనూ దాచగల యూటీఎఫ్-8తో పనిచేస్తాయి కాబట్టి ఇబ్బంది రాదు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో మాత్రం అక్షరాలు దాచే మామూలు వార్‌చార్ టైపు కాలమ్‌లో తెలుగు రాస్తే ప్రశ్నార్థకాలు మిగులుతాయి. యూనికోడ్ దాచే ఎన్‌వార్‌చార్ టైపు కావాలి, క్వెరీలో పేరుకు ముందు ఎన్ అక్షరం కూడా ఉండాలి, లేదా పారామీటర్లు వాడాలి. ప్రశ్నార్థకాలుగా మారిన డేటా తిరిగి రాదు, అసలు అక్షరాలు డిస్కు దాకా వెళ్లనే లేదు.

వెతుకులాటలో ఒక కనిపించని శత్రువుంది. ‘హార్డ్‌వేర్’ అని రాసేటప్పుడు డ కింద వ ఒత్తు పడకుండా కొన్ని కీబోర్డులు మధ్యలో కంటికి కనిపించని ఒక అక్షరం పెడతాయి, కొన్ని పెట్టవు. కంప్యూటర్‌కు రెండూ వేర్వేరు పేర్లు. కౌంటర్‌లో ఒకలా, గోడౌన్‌లో ఒకలా టైపు చేస్తే పార్టీ దొరకదు, రెండో ఖాతా తెరుచుకుంటుంది. ఆ అక్షరాన్ని తీసేసిన పేరును విడి కాలమ్‌లో ఉంచి దాంట్లో వెతికితే సరిపోతుంది. యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైపు చేసిన పాత లిస్టులు ఇస్తే ముందే యూనికోడ్‌లోకి మార్పించండి.

చేతులు మారే రోజు

ఒక కంప్యూటర్‌తో మొదలయ్యే షాపుకు ఎస్‌క్యూలైట్ ఇచ్చి, తర్వాత సర్వర్‌కు మారడం అంత కష్టమైన పని కాదు. మొదటి రోజు నుంచి రెండు మూడు అలవాట్లుంటే చాలు. ఎస్‌క్యూఎల్ వాక్యాలన్నీ ప్రోగ్రామ్‌లో ఒకచోట ఉండాలి, బటన్ కోడ్‌లో చెల్లాచెదురుగా వద్దు. తేదీలు ఏడాది-నెల-రోజు వరుసలో ఒకే తీరున ఉండాలి. ఏ వెర్షన్ స్కీమానో (టేబుళ్ల నిర్మాణం) చెప్పే నంబరు డేటాబేస్‌లోనే ఉండాలి, షాపులో ప్రోగ్రామ్ అప్‌డేట్ చేసినప్పుడు టేబుళ్లు వాటంతట అవే మారేలా. ఇంతకు మించి ‘ఏ డేటాబేస్‌కైనా పనికొచ్చే’ పొరల మీద పొరలు కట్టడం చిన్న సాఫ్ట్‌వేర్‌కు దండగ. రెండో ఏడు లోపు రెండో కౌంటర్ ఖాయమని యజమాని ముందే చెబితే మారే ఆలోచనే లేకుండా ఫైర్‌బర్డ్‌తోనో ఎక్స్‌ప్రెస్‌తోనో మొదలుపెట్టండి.

క్లౌడ్‌లో పెడితే ఈ గొడవలేవీ ఉండవు కదా అంటారు. ఉండవు, కానీ ఇంటర్నెట్ పోయిన గంటసేపు బిల్లు ఆగిపోతే కౌంటర్ ముందు నిలబడ్డ మేస్త్రీ పక్క షాపుకు వెళ్తాడు. బ్యాకప్‌లను క్లౌడ్‌కు పంపడం మాత్రం తప్పకుండా చేయండి. నడుస్తున్న ఫైలును సింక్ చేయకూడదు, మూసిన కాపీని పంపాలి. జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలను వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు ఉంచాలి. ఈరోజు తీసిన బ్యాకప్‌ను ఆరేళ్ల తర్వాత కూడా తెరవగలగాలి కాబట్టి, ఏడాదికోసారి టేబుళ్లన్నిటినీ సీఎస్‌వీగా (ఏ ప్రోగ్రామ్‌లోనైనా తెరుచుకునే మామూలు టెక్స్ట్ ఫైలు) కూడా తీసి పెట్టడం మంచిది. షాపు ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రతి మార్పునూ తేదీతో నమోదు చేసే, ఆపడానికి వీల్లేని ఆడిట్ ట్రయల్ కూడా ఉండాలి. దాన్ని తర్వాత అతికించడం కంటే టేబుళ్లు గీసేటప్పుడే ట్రిగ్గర్లతో (డేటా మారగానే డేటాబేస్ తనంతట తాను నడిపే కోడ్) పెట్టుకోవడం సులువు.

ఎంపిక అయిపోయాక, షాపుకు ఇచ్చే ముందు ఒక పరీక్ష ఉంది. రెండు కౌంటర్లలోనూ వరసగా బిల్లులు కొడుతూ ఉండగా ప్రధాన కంప్యూటర్ ప్లగ్ పీకేయండి. మళ్లీ ఆన్ చేసి చివరి బిల్లు ఉందా, నంబర్ల వరస తప్పిందా, స్టాకు సరిపోయిందా చూడండి. తర్వాత నిన్నటి బ్యాకప్‌ను వేరే కంప్యూటర్‌లో ఎక్కించి చూడండి. ఇదంతా షాపు వాళ్ల కంప్యూటర్ మీదే చేయాలి. మీ ల్యాప్‌టాప్ మీద చేస్తే లెక్కలోకి రాదు, దానికి బ్యాటరీ ఉంటుంది.